సాకెట్ పక్కన ఆంపియర్లు రాయించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పర్యాటక శాఖల అధికారులకు,

అరకు, అనంతగిరి లాంటి చోట్ల గుడారాలకూ క్యారవాన్లకూ స్థలం కేటాయించేటప్పుడు నీళ్లు, మరుగుదొడ్లతో పాటు కరెంటు సాకెట్ సంగతి కూడా చూడండి.

ఇళ్లలో ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోసేది 1,380 వాట్లే. ఇండక్షన్ స్టవ్వేమో పూర్తి జోరులో 2,000 వాట్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. ఈ సంగతి ముందే తెలిస్తే జనం స్టవ్వు ఇంట్లో వదిలేసి 700 వాట్ల రైస్ కుక్కర్ తెచ్చుకుంటారు. అన్నం, పప్పు, ఉప్మా అన్నీ అందులోనే అవుతాయి. టీ కూడా కాచుకోవచ్చు, రుచి మాత్రం నన్నడక్కండి.

బ్యాటరీ మీద వండుకుంటామనే వాళ్లూ ఉన్నారు. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీని ఆ స్టవ్వు కాగితం లెక్క ప్రకారమే 36 నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే అంతసేపు కూడా రాదు.

అందుకే ప్రతి స్థలంలో 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. తడి నేల మీద వంట కాబట్టి చివరిది తప్పనిసరి. ఎంత లోడు వాడుకోవచ్చో బుకింగ్ రసీదు మీదే తెలుగులో అచ్చు వేయించండి. చలికాలం రద్దీ మొదలయ్యేలోగా ఈ పని పూర్తి చేయాలని మనవి.

ఇట్లు,
ఒక పర్యాటకుడు