పట్టుపురుగు నెత్తురుకు తక్కువేమిటి?

పారకం నీళ్లు పాత పద్ధతి, డ్రిప్పు కొత్త పద్ధతి. పురుగుల రక్తప్రసరణ పారకం లాంటిది, మనది డ్రిప్పు లాంటిది. ఇంటర్ పిల్లలను నీట్‌కు తోమే పాఠాల్లో ఈమధ్య వినపడుతున్న పోలిక ఇది. డ్రిప్పు లేనిదే చీనీ తోట నిలవని అనంతపురంలో ఇంతకంటే తొందరగా తలకెక్కే మాట ఉండదు. ఎక్కేది శుద్ధ తప్పు కావడమే చిక్కు. నాళాలు దాటకుండా తిరిగే నెత్తురు గొప్పదట, అవయవాల మధ్య ఖాళీల్లోకి పరుచుకుని మళ్లీ గుండెకు చేరే నెత్తురు తక్కువదట. మొదటిది బంధిత వ్యవస్థ, రెండోది వివృత వ్యవస్థ అని పేర్లు పెట్టడంతో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. పైమెట్టు, కిందిమెట్టు అనేశారు. ఈ లెక్కే నిజమైతే వానపాము తేనెటీగ కంటే ఘనమైన జీవి కావాలి; వానపాముది బంధితం, తేనెటీగది వివృతం. గుండె గదుల లెక్కా ఇంతే. చేపకు రెండు, కప్పకు మూడు, మనిషికి నాలుగు అని వేళ్లు మడుస్తూ మనిషిని శిఖరం మీద కూర్చోబెట్టేవాళ్లు, బొద్దింక గుండెకు 13 గదులని చదివి కూడా ఎందుకు తడబడరో తెలియదు. మార్కు వచ్చే చోట ప్రశ్న వేయకూడదన్నది ఇప్పటి చదువుకు మొదటి సూత్రం. పిల్లవాడు అడిగితే ‘అది పరీక్షలో రాదు’ అంటారు, అక్కడితో జీవశాస్త్రం ముగుస్తుంది.

అసలు ఎవరిని తక్కువంటున్నామో చూడాలి. హిందూపురం, కదిరి, మడకశిర చుట్టుపక్కల మల్బరీ మేసి పెరిగే పట్టుపురుగుది వివృత వ్యవస్థే. 2022లో జిల్లా చీలి ఆ ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి గానీ, ఆ పురుగు మీద బతికే సంసారాలు పాత అనంతపురానివే. గూడు కట్టడానికి ముందున్న ఐదో దశ పురుగును వెలుతురులో పెడితే వీపు మధ్యలో ఒక నాళం కొట్టుకోవడం చర్మంలోంచే కనిపిస్తుంది. దాని గుండె అదే. తోక వైపునుంచి తల వైపుకు నెత్తురును తోస్తుంది. తల దగ్గర నాళం అయిపోతుంది, నెత్తురు ఒళ్లంతా తిరిగి నాళం పక్కల రంధ్రాల గుండా మళ్లీ లోపలికి వస్తుంది. పేగు అరిగించిన ఆకు సారాన్ని మోసేది ఆ నెత్తురే. పొర విడిచే సమయం (రైతుల మాటలో జ్వరం) ఎప్పుడో, గూడు కట్టే సమయం ఎప్పుడో తేల్చే హార్మోన్లు తిరిగేది అందులోనే. రోగక్రిములను మింగే కణాలూ అందులోనే, పట్టు గ్రంథికి కావలసిన అమైనో ఆమ్లాలూ అందులోనే. గుడ్డులోంచి వచ్చిన పురుగు నెల తిరక్కుండా సుమారు 10,000 రెట్లు బరువెక్కుతుంది. మైసూరు సంకర జాతి గూళ్లకుండే పసుపు కూడా ఆకులోంచి పేగుకు, పేగులోంచి నెత్తురుకు, నెత్తురులోంచి పట్టు గ్రంథికి నడిచి వచ్చిన రంగే. ధర్మవరం చీరకు పోగు కావాలి, హిందూపురం మార్కెట్లో గూటికి ధర పలకాలి, పురుగు నెత్తురు మాత్రం నాసిరకం!

ఆ నెత్తురు మోయనిదల్లా ఆక్సిజనే. పోలిక చెప్పేవాళ్లు దాటేసే ముక్కా ఇదే. పురుగు రెండు పక్కలా నల్లచుక్కల్లా తొమ్మిది జతల శ్వాసరంధ్రాలుంటాయి. వాటినుంచి గాలి గొట్టాలు సన్నగా చీలుతూ ప్రతి కండకూ పోతాయి. ఆక్సిజన్ నీటిలోకంటే గాలిలో సుమారు 10,000 రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. గాలే నేరుగా కండ దాకా పోతుంటే దాన్ని నెత్తురులో కలిపి, మోసి, మళ్లీ విడదీసే శ్రమ దేనికి? మన గుండె అంత ఒత్తిడితో పరుగెత్తించేది ముఖ్యంగా ఈ ఆక్సిజన్ కోసం. ఆ తొందర లేని నెత్తురు నిదానంగా తిరిగితే అది చేతకానితనం కాదు. రుజువు కావాలంటే 1980లో బెంగాల్ నుంచి కర్ణాటకలోకి వచ్చిపడి దక్షిణాది పట్టు రైతులను ఏడిపిస్తున్న ఊజీ ఈగ ఉంది. పట్టుపురుగు ఒంట్లోకి తొలుచుకుపోయిన ఈగపిల్ల నెత్తురులో మునిగి తింటూనే, గాలి కోసం తన వెనకవైపు శ్వాసరంధ్రాలను చర్మానికి పడ్డ కంతకే ఆనించి ఉంచుతుంది. రైతు గుర్తుపట్టే నల్లమచ్చ అక్కడిదే. ఆ నెత్తురులో ఊపిరి దొరకదని ఈగపిల్లకు తెలుసు, పాఠం చెప్పేవాళ్లకు తెలియదు. గుండెనూ గాలి గొట్టాలనూ కలిపి చూడడం కొత్తేమీ కాదు. 1628లో వైద్యుడు హార్వీ రక్తం చుట్టి వస్తుందని నిరూపించాడు. ధమనికీ సిరకూ మధ్య కనపడని కేశనాళికలను 1661లో కప్ప ఊపిరితిత్తుల్లో చూపించిన శాస్త్రజ్ఞుడు మాల్పీజీ. అదే మాల్పీజీ 1669లో పట్టుపురుగును కోసి వీపు గుండెనూ గాలి గొట్టాలనూ రెంటినీ వర్ణించాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత మన పాఠంలో గుండె ఒకచోట, గొట్టాలు ఇంకోచోట.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో వివృత వ్యవస్థను పారకంతో పోల్చి దుబారా అనడం మరీ విడ్డూరం. ఎండకు ఒంట్లో నీరు తగ్గితే మనిషి నెత్తురు చిక్కబడుతుంది, గుండె గబగబా కొట్టుకుంటుంది, కళ్లు తిరుగుతాయి. బొద్దింకలోనో ఎడారి పెంకుపురుగులోనో నీరు ముందుగా తగ్గేది నెత్తురులోంచే, కణాల్లో తడి నిలుస్తుంది. ఊపిరి వేరే దారిన వస్తోంది గనక నెత్తురు బాగా తగ్గినా కండలు ఆగవు. కరువుకు తట్టుకునే ఏర్పాటు ఇది.

ఒత్తిడి తక్కువ గనక పురుగులు పెద్దవి కాలేవంటారు. ఏనుగంత పురుగు లేదు, నిజమే. దానికి గాలి గొట్టాలదీ పైపెంకుదీ బాధ్యత ఎక్కువ. ముప్పై కోట్ల ఏళ్ల కిందట రెక్కల కొస నుంచి కొసకు 70 సెంటీమీటర్లున్న తూనీగ జాతి పురుగులు ఎగిరాయి. ఆ ‘తక్కువ’ ఒత్తిడితోనే సాలీడు కాళ్లు చాస్తుంది, గూడు విడిచిన పట్టు చిలుక ముడుచుకున్న రెక్కలు విప్పుతుంది. వివృత నెత్తురు ఆక్సిజన్‌ను మోయలేదని ఇంకో సూత్రం కట్టకండి, నెల్లూరు రొయ్య రాగి ఉన్న హీమోసయనిన్‌తో మోస్తూనే ఉంది. ఇక మన బంధిత వ్యవస్థ పూర్తిగా మూసినదేం కాదు. కేశనాళికల్లోంచి రోజూ లీటర్ల కొద్దీ ద్రవం బయటికి ఊరుతుంది, శోషరస నాళాలు దాన్ని తిరిగి చేరుస్తాయి. ఊరకపోతే కణాలకు తిండి లేదు. డ్రిప్పు పైపు కూడా కారితేనే చెట్టుకు నీళ్లు కదా!

మెట్లు తీసేసి, ఏ జీవి ఏ సరుకును ఏ దారిన పంపుతోందని అడగడం మొదలుపెడితే చాలావరకు సర్దుకుంటుంది. పాఠం ఎలా తిరగరాయాలో రాసేవాళ్లు చూసుకోవాలి. హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థే ఉంది, వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. సైన్సు మాస్టార్లూ, దగ్గర్లోని షెడ్డు నుంచి ఒక ఐదో దశ పురుగును తరగతికి తెప్పించండి. భూతద్దమిచ్చి, దాని వీపు నాళం నిమిషానికెన్నిసార్లు కొట్టుకుంటుందో పిల్లల చేత లెక్కపెట్టించండి. పక్కనున్న తొమ్మిది జతల చుక్కలూ చూపించండి. ఆ తర్వాత కూడా ఎవరైనా దాన్ని పాత పద్ధతి అంటే అననివ్వండి.