ప్రీమియం భారమని బీమా పోయింది, నష్టం మన నెత్తినే మిగిలింది

2023 జూలైలో పెన్‌గంగ పొంగినప్పుడు ఆ నీళ్లు తెలంగాణ ఏది, మహారాష్ట్ర ఏది అని చూడలేదు. ఇవతల జైనథ్, బేల మండలాల పత్తి చేలు మునిగాయి. అవతల యవత్మాల్, చంద్రపూర్ జిల్లాల పత్తి చేలూ మునిగాయి. రెండు ఒడ్లదీ ఒకే నల్లరేగడి, ఒకే పంట, ఒకే రకం అప్పు.

మా వియ్యంకుడిది నది అవతలి ఊరు. వరద తీసినాక మా ఇంటికి వచ్చినప్పుడు మాటల్లో అడిగాడు: "నేను ఒక్క రూపాయి కట్టి బీమా చేసిన బావా. మీ దిక్కు ఎంత కట్టిచ్చుకుంటున్నరు?" మా దిక్కు కట్టించుకునేవాళ్లే లేరని చెప్పాను. ఆయన నవ్వులాటకు అంటున్నానని అనుకున్నాడు. ఆ వానాకాలమే మహారాష్ట్రలో రూపాయి బీమా మొదలైంది. తర్వాత ఆయనకు పైసలు ఆలస్యంగా వచ్చాయి, అనుకున్నన్ని రాలేదు. కానీ అడగడానికి ఆయన దగ్గర ఒక కాగితం ఉంది. నా దగ్గర తహసీల్ ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు నకలు ఒక్కటే ఉంది.

ఈ తేడా ఎట్లా వచ్చిందో, అందులో మన తప్పు ఎంతో ఈ నెల మాట్లాడుకుందాం.

ఆనాడు మనమూ ఊపిరి పీల్చుకున్నాం

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 వానాకాలంలో వచ్చింది. రైతు వాటా వానాకాలం పంటలకు 2 శాతం, యాసంగికి 1.5 శాతం, పత్తి వంటి వాణిజ్య పంటలకు 5 శాతం. పంట రుణం తీసుకున్న రైతు ఇష్టమున్నా లేకున్నా చేరాలి. బ్యాంకులో రుణం రెన్యువల్ చేసిన రోజే ప్రీమియం కోసుకునేవాళ్లు. నా విషయంలో ఒక ఏడు నేను పత్తి పెడితే కాగితాల్లో వరి అని రాసుకున్నారు. రసీదు అడిగితే కంప్యూటర్‌లో ఉందన్నారు. ఇలాంటి కథలు మన సంఘం సమావేశాల్లో ఎన్ని విన్నామో లెక్కలేదు.

అందుకే 2020 వానాకాలం నుంచి కేంద్రం దీన్ని ఐచ్ఛికం చేసినప్పుడు, అదే ఏడు మన రాష్ట్రం పథకం నుంచే బయటికి వచ్చినప్పుడు, మనలో చాలామంది ఊపిరి పీల్చుకున్నాం. కంపెనీల దోపిడీ పోయిందన్నాం. నేనూ అన్నాను. చెడ్డ పథకం పోవాలన్న మాట సరైనదే. దాని చోట ఏం రావాలో గట్టిగా అడగకపోవడం మాత్రం మన పొరపాటు.

ఆ ఏడే అతివృష్టి వచ్చింది. రైతు స్వరాజ్య వేదిక హైకోర్టుకు వెళ్లింది. 2020 వానలకు పంట పోయిన రైతులకు పరిహారం ఇవ్వాలని 2021 సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బీమా ఉంటే కంపెనీ మీద క్లెయిము పెట్టేవాళ్లం. లేదు కాబట్టి సొంత ప్రభుత్వం మీద కోర్టుకు పోవాల్సి వచ్చింది.

2024లో కొత్త ప్రభుత్వం ఫసల్ బీమాలో మళ్లీ చేరుతామని ప్రకటించింది. ఆ వానాకాలం బీమా లేకుండానే గడిచింది.

ప్రీమియం ఎందుకు పెరుగుతుంది, ఎవరు కడతారు

బీమా కంపెనీ ఒక జిల్లాలో పంట ఎన్నిసార్లు పోయిందో చూసి రేటు వేస్తుంది. ఎక్కువసార్లు పోయిన చోట ఎక్కువ రేటు. రైతు వాటా పోను మిగతాది కేంద్రం, రాష్ట్రం చెరిసగం కట్టాలి. 2020లో కేంద్రం దీనికి ఒక గీత గీసింది. వర్షాధార ప్రాంతాల్లో 30 శాతం రేటు వరకే, నీటి వసతి ఉన్న చోట 25 శాతం వరకే తన వాటా ఇస్తానంది. పైది రాష్ట్రం చూసుకోవాలి.

లెక్క వేసి చూద్దాం. పత్తికి ఎకరాకు బీమా మొత్తం 30,000 అనుకుందాం. రేటు 20 శాతమైతే ప్రీమియం 6,000. రైతు 1,500 కడితే మిగిలిన 4,500లో కేంద్రం 2,250, రాష్ట్రం 2,250. అదే చేనుకు రేటు 40 శాతానికి పోతే ప్రీమియం 12,000. రైతు వాటా మారదు, 1,500. కేంద్రం 3,750 దగ్గర ఆగిపోతుంది. రాష్ట్రం మీద 6,750 పడుతుంది. ముప్పు రెండింతలైతే రాష్ట్రం భారం మూడింతలైంది.

అంటే వానలు, వరదలు ఎక్కువగా తగిలే చోట, బీమా ఎక్కువ అవసరమున్న చోట, ప్రభుత్వానికి అది మోయలేని బరువు అనిపిస్తుంది. తీసేయాలనే ఆలోచన అక్కడే పుడుతుంది. తీసేస్తే ప్రీమియం మిగులుతుంది నిజమే. వాన ఆగదు. ఆ నష్టం ఖజానా పుస్తకంలోంచి రైతు అప్పు పుస్తకంలోకి మారుతుంది, అంతే.

ఇది మన ఒక్కరి గోస కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సముద్రం ఒడ్డున ఉంటుంది, తుఫాన్లు ఎక్కువ. అక్కడ ఇళ్ల బీమా ప్రీమియాలు ఏటేటా పెరిగి మామూలు కుటుంబాలు కట్టలేని స్థితికి వచ్చాయి. మన పెన్‌గంగ పొంగిన 2023 జూలై నెలలోనే, ఫార్మర్స్ ఇన్సూరెన్స్ అనే పెద్ద కంపెనీ తన పేరు మీద ఆ రాష్ట్రంలో పాలసీలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. లాభం ఉన్నన్నాళ్లే కంపెనీ ఉంటుంది. కాకపోతే అక్కడి ప్రభుత్వం చేతులు దులుపుకోలేదు. బయట బీమా దొరకని వాళ్ల కోసం 2002లోనే సిటిజన్స్ అనే ప్రభుత్వ బీమా సంస్థను పెట్టింది. దానికీ తిప్పలున్నాయి. అయినా ముప్పు ఉన్న చోట నుంచి కంపెనీ పోతే ప్రభుత్వం నిలబడాలన్న సూత్రం ఉంది. మన దగ్గర ప్రభుత్వమే ముందుగా పోయింది.

సాయం వేరు, హక్కు వేరు

బీమా లేకున్నా సాయం చేస్తున్నాం కదా అంటారు. 2023 మార్చిలో రాళ్లవానకు కరీంనగర్ జిల్లాలో వరి, మక్క, మామిడి పోయాయి. అప్పటి ముఖ్యమంత్రి రామడుగు మండలానికి వచ్చి చూశారు, ఎకరాకు 10,000 ప్రకటించారు. 2024 సెప్టెంబరు వరదలకు ఇప్పటి ప్రభుత్వమూ ఎకరాకు 10,000 అనే చెప్పింది. ఇచ్చినదాన్ని కాదనడం లేదు. కానీ ప్రతి రాళ్లవానకూ ముఖ్యమంత్రి రాడు, ప్రతి వరదా టీవీలో పడదు. నాలుగు ఊళ్ల మీద కురిసి పోయిన వానకు ప్రకటన రాదు. పత్తికి విత్తనం, ఎరువు, కలుపు, మందు, ఏరే కూలీ కలిపితే 10,000 ఏ మూలకు?

ప్రకటన లేని ఏడు విపత్తు నిధి లెక్క ఒక్కటే దిక్కు. దాని ప్రకారం పంట 33 శాతం, ఆపైన పోవాలి. వర్షాధార భూమికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న భూమికి 17,000. ఎకరాకు చూస్తే 3,400 పైన ఒకటి, 6,900కు కాస్త తక్కువ ఇంకొకటి. అదీ రెండు హెక్టార్ల వరకే.

ఇంటి సంగతి ఇంకా కష్టం. మన ఊళ్లలో పత్తి ఇంట్లోనే నిల్వ ఉంటుంది, వడ్లు, విత్తనాలు, మందు డబ్బాలు అన్నీ ఇంట్లోనే. నాలుగు రోజులు ముసురు పడితే మట్టి గోడ నాని కూలుతుంది. గోడతో పాటు ఏడాది కష్టమూ తడిసిపోతుంది. అదే విపత్తు నిధిలో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 ఉంది. సగం గోడ కూలితే కచ్చా ఇంటికి 4,000, పక్కా ఇంటికి 6,500. సగం గోడ కూలిన ఇల్లు ఉండటానికి పనికిరాదని అందరికీ తెలుసు, లెక్కల్లో మాత్రం అది కొద్దిపాటి నష్టం.

మన రాష్ట్రంలో రైతుబీమా ఉంది. 2018 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి, ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కడుతుంది. మంచి పథకమే. దీన్నిబట్టి ప్రభుత్వం తలుచుకుంటే ప్రీమియం కట్టగలదని తేలింది. రైతు చనిపోయినాక ఇల్లు చేరే బీమా ఉన్నప్పుడు, రైతు బతికుండగా అక్కరకొచ్చే పంట బీమా ఎందుకు ఉండదు?

పాతది పాతగానే వద్దు

బీమా కావాలంటే పాత ఫసల్ బీమానే ఉన్నదున్నట్టు తెమ్మని కాదు. దాని లొసుగులు మనకు తెలుసు.

మొదటిది, నష్టం లెక్క. గత 7 ఏళ్లలో బాగా పండిన 5 ఏళ్ల సగటు తీసి, అందులో 70, 80 లేదా 90 శాతాన్ని హామీ దిగుబడి అంటారు. సగటు 20 క్వింటాళ్లు, 80 శాతం హామీ అనుకుంటే గీత 16 దగ్గర ఉంటుంది. ఊరి సగటు 12 వస్తే నష్టం 25 శాతం. ఎకరాకు 40,000 బీమా ఉంటే 10,000 వస్తుంది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. చూసేది ఊరి సగటు, నీ ఒక్కడి చేను కాదు. వరుసగా మూడు నాలుగేళ్లు పంట పోతే ఆ గీతే కిందికి దిగుతుంది. ఎక్కువసార్లు మునిగిన ఊరికి తక్కువ హామీ దక్కుతుంది.

రెండోది, పత్తి. మన దగ్గర పత్తిని వాతావరణ ఆధారిత బీమాలో పెట్టారు. వాన కొలిచే యంత్రం ఒక చోట ఉంటుంది, మబ్బు ఇంకో చోట పగులుతుంది. ఆదిలాబాద్ గుట్టల్లో ఈ ఊళ్లో కురిస్తే పక్క ఊళ్లో ఎండ కాస్తుంది. పత్తికి కూడా ఊరి దిగుబడే లెక్క కావాలి.

మూడోది, కంపెనీ లాభం. దీనికి మన గోదావరి ఎగువనున్న బీడ్ జిల్లా 2020లో ఒక దారి చూపింది. క్లెయిములు ప్రీమియంలో 110 శాతం దాటితే పైది రాష్ట్రం భరిస్తుంది. క్లెయిములు 80 శాతం కన్నా తక్కువైతే కంపెనీ 20 శాతం ఉంచుకొని మిగతాది రాష్ట్రానికి వెనక్కి ఇస్తుంది. నష్టం లేని ఏడు మిగిలిన పైసలు ముంపు వచ్చిన ఏడుకు పనికొస్తాయి. దోపిడీ అన్న మన అభ్యంతరానికి ఇది చాలావరకు జవాబు.

నాలుగోది, సాగు చేసేవాళ్లు. కౌలు రైతు, పోడు రైతు లేని బీమా సగం బీమా. చేను ఎవరి పేరున ఉన్నా, దున్నిన వాళ్లకే క్లెయిము రావాలి.

అయిదోది, ఇల్లు. 2016లోనే కేంద్రం 45 జిల్లాల్లో పంటతో పాటు ఇల్లు, పంపుసెట్టు, ట్రాక్టర్, ప్రమాద బీమాలను ఒకే మూటగా ప్రయోగం చేసింది. వరదకు మట్టి గోడ కూలినా వర్తించేలా అలాంటి మూట మన నది ఒడ్డు మండలాలకు కావాలి.

ఇంకొక్క మాట. ప్రతి ముంపునూ బీమా ఖాతాలో వేయనివ్వకూడదు. చెన్నూరు, కోటపల్లి మండలాల్లో, మంథని వైపు బ్యారేజీల బ్యాక్‌వాటర్‌కు పొలాలు మునగడం ప్రకృతి వైపరీత్యం కాదు. అది ప్రాజెక్టు చేసిన నష్టం. దానికి ప్రభుత్వం పరిహారం ఇవ్వాలి, లేదా భూమిని న్యాయమైన ధరకు తీసుకోవాలి. 2022, 2023 జూలై నెలల్లో కడెం గేట్ల మీదుగా నీళ్లు పొర్లాయి. గేట్లు బాగు చేయించే బాధ్యత బీమా కంపెనీది కాదు.

మిరుగం దాటింది, మనం చేయాల్సింది

మహారాష్ట్ర కూడా 2025లో రూపాయి బీమాను ఎత్తేసి పాత వాటాలకు వెళ్లింది. ఉచితం ఎప్పటికీ నిలవదని దాన్నిబట్టి తెలుసుకోవాలి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనం కొంత కడదాం. వరికి 2 శాతం, పత్తికి 5 కాదు, అదే 2 శాతం. కట్టిన వాడు అడగగలడు. రాష్ట్రం తన వాటాను సీజన్‌కు ముందే జమ చేయాలి. అది ఆలస్యమైతే క్లెయిములు ఆగుతాయని గతంలో చూశాం. పంట పేరు, సర్వే నంబరు, బీమా మొత్తం తెలుగులో రాసిన రసీదు చేతికి ఇవ్వాలి. సంఘంలో కొందరు 2 శాతం కూడా ఎందుకు అంటారు. వచ్చే నెల సమావేశంలో వాదించుకుందాం.

అప్పటిదాకా మూడు పనులు చేయండి. విత్తిన వారంలోనే ఏఈవో దగ్గర మీ పంట నమోదు చేయించుకోండి, కౌలుదారులు మరీ ముఖ్యంగా. చేను, ఇంటి గోడలు బాగున్నప్పుడే ఒక ఫొటో తీసి ఉంచండి. నష్టం జరిగితే మూడు రోజుల్లోపు రాసి ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఫసల్ బీమాలో రాళ్లవాన, ముంపు నష్టానికి గడువు 72 గంటలే, ఆ అలవాటు ఇప్పుడే కావాలి.

ప్రతి ఊరి గ్రామసభలో ఒక తీర్మానం పెట్టండి: వచ్చే యాసంగిలోగా పంట బీమా పాలసీ కాగితం మా చేతికి రావాలని. నకలు సంఘం ఆఫీసుకు పంపండి. కలెక్టరేట్‌కు పోయేటప్పుడు మన చేతుల్లో ఎన్ని ఊళ్ల తీర్మానాలు ఉంటే మాట అంత గట్టిగా వినిపిస్తుంది.