మైనరు సాహిత్యము

కుమారునకు రసాయనశాస్త్రము మేజరుగా లభించినంతనే తండ్రి మనస్సు కుదుటపడును. మైనరు మాట రాగానే మరల కలత. సాహిత్యమేల, దానివలన కూడు వచ్చునా యని ప్రశ్న. ఈ ప్రశ్న వేయుచున్నవారు మూర్ఖులు కారు. పత్రికలు చదువు గృహస్థులు, సభలలో గురజాడవారి పేరు వినబడగానే చప్పట్లు చఱచువారు వేయుచున్నారు. కావుననే దీనికి సమాధానము చెప్పవలసియున్నది.

2020 జాతీయ విద్యావిధానము ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళికయందు మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అందు మైనరునకు 24. క్రెడిట్టునకు 15 గంటల బోధన వంతున 360 గంటలైనవి. ఆంధ్రప్రదేశమున 2023-24లో ఒక మేజరు, దానితో నొక మైనరు అను పద్ధతి డిగ్రీ కళాశాలలలో ప్రవేశించినది. 360 గంటలు స్వల్పము కాదు. కన్యాశుల్కము ఏడంకములును పాత్రోచితముగా బిగ్గరగా చదివినను ఇరువది గంటలు పట్టదు.

కాని పెక్కుచోట్ల జరుగుచున్నదేమి? మేజరువారికి చెప్పు సాహిత్యచరిత్రనే పిండి పిప్పిచేసి, నన్నయ మొదలు నేటివఱకు పేర్లును తేదులును మైనరువారి చేతిలో పెట్టుచున్నారు. కన్యాశుల్కము 1892లో ప్రదర్శితము, 1897లో ముద్రితము, 1909లో పునారచితము, ఉద్దేశము సంఘసంస్కారము అని వ్రాసినవానికి మార్కులు వచ్చును. గిరీశమును మాత్ర మాతడు కలిసికొననే లేదు. ఇంగ్లీషు మాటలాడి వినిపింపుడని వెంకమ్మ ముచ్చటపడగా, గురుశిష్యు లిద్దఱును శిశుపాఠపు ముక్కలు ఒకరిపై నొకరు విసరుకొను ఘట్టమును చదివి నవ్విన యువకుడు, రేపు మందుల దుకాణము పెట్టినను, బ్యాంకిలో కూర్చున్నను, తెలియని మాటలతో తన్ను లొంగదీయవచ్చినవానిని గుర్తుపట్టును. (వెంకమ్మను చూచి నవ్విన తండ్రులే నేడు అర్థముకాని ఇంగ్లీషు పేరుగల కోర్సునకు మురిసి రుసుము కట్టుచున్నారు. అది వేఱు సంగతి.)

మైనరు అను మాటకు న్యాయస్థానమున మఱియొక యర్థము గలదు: ఆస్తి తనదే, పెత్తనము సంరక్షకునిది. మన సాహిత్యపు మైనరునకును సంరక్షకుడు దొరికినాడు. వాని పేరు గైడు. గ్రంథము నంటకుండ పరీక్ష గట్టెక్కించుట వాని విద్య.

ఇంటనే చదువుకొనరాదా, జంతుశాస్త్రము చదివిన శ్రీశ్రీకిని, భౌతికశాస్త్రము చదివిన కొడవటిగంటి కుటుంబరావునకును ఎవరు మైనరు చెప్పిరని కొందఱందురు. ఆ పేర్లు శాస్త్రమునకును సాహిత్యమునకును వైరము లేదని రుజువుచేయును. కళాశాల తలుపు మూయవచ్చునని రుజువుచేయవు. చిన్ననాడే పుస్తకము చేతికందినవారి మాట వేఱు. ఇంట పంచాంగమును, పొలము పాసుపుస్తకమును తప్ప మఱొక పుస్తకము లేని పల్లెనుండి వచ్చిన బాలికకు ఆ 360 గంటలే మొదటి గ్రంథాలయము. అందును ఆమెకు జాబితాయే దొరకవలెనా?

అయిదాఱు గ్రంథములు చాలును. అవి తరగతిలో ఆద్యంతము చదువబడవలెను. పరీక్షలో గ్రంథమును ఎదుట పెట్టుకొననిండు. మున్ను చూడని పుట యొకటి యిచ్చి, తోచినది వ్రాయుమనుడు. గైడు కూర్చువానికి కష్టము. దిద్దువారికిని కష్టమే, దిద్దుటకు సులువైన పరీక్షలతో ఇంతవఱకు బాగుపడినది గైడుల వ్యాపారమొక్కటే. ప్రవేశపు దినమున రుసుమెంత యని అడుగు తండ్రులు, మైనరులో ఏ గ్రంథమును మొదటి పుటనుండి తుదివఱకు చదివింతురని కూడ అడుగవలెను. వారు పాఠ్యప్రణాళిక చూపినచో, అది కాదు, గ్రంథము చూపుడనవలెను.