సీటు వచ్చింది, చదువు వచ్చినట్టేనా?

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో నా ఫోనుకు తీరిక ఉండదు. ఈసారి మా ఊరి మాదిగవాడ నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. ‘‘అన్నా, బిడ్డకు ర్యాంకొచ్చింది. నెట్ సెంటర్ల కూసున్నం. ఏ కాలేజీ ముందు పెట్టాలె?’’ ఆయన భవన నిర్మాణ కూలీ. ఆ ఇంట్లో ఇంటర్మీడియట్ దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఆయన పక్కన కూర్చున్న నెట్ సెంటర్ నిర్వాహకుడు అప్పటికే రెండు కళాశాలల పేర్లు సూచించాడట. వాటిలో ఒకదాని పీఆర్వో ఊళ్ళోకి వచ్చి, బస్సు ఫీజులో రాయితీ ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చి వెళ్ళాడట.

‘మంచి కళాశాల ఏది?’ అన్న ప్రశ్నకు ర్యాంకులు, గ్రేడులు, ప్యాకేజీలు జవాబులుగా చెలామణి అవుతున్నాయి. వాటిని పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే గ్రేడు ఇచ్చే వ్యవస్థ ఎంత పవిత్రమైనదో 2025 ఫిబ్రవరిలోనే చూశాం. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విద్యాసంస్థకు మెరుగైన గ్రేడు కోసం లంచం ఇచ్చారన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. అంతకన్నా లోతైన సమస్య మరొకటి ఉంది. ఈ కొలమానాలన్నీ ఇంటి దగ్గర ఆసరా ఉన్న విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఫీజు ఆలస్యమైతే కట్టే తండ్రి, హాస్టల్ నచ్చకపోతే గది అద్దెకు తీసుకోగల స్తోమత, సందేహం వస్తే ఫోన్ చేయడానికి ఇంజనీరు మేనమామ ఉన్న విద్యార్థికి కళాశాల అంటే తరగతి గది మాత్రమే. ఇవేవీ లేని విద్యార్థికి ఆ పనులన్నీ కళాశాలే చేయాలి. కాబట్టి మొదటి తరం విద్యార్థి కళాశాలను ఎంచుకోవడంలో కులం ఉంది. ఆ ఎంపికకు అడగవలసిన ప్రశ్నలూ వేరుగానే ఉంటాయి.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. 1994లో నేను నగరంలోని పేరున్న కళాశాలలో డిగ్రీలో చేరాను. పేరు చూసే చేరాను. కళాశాల హాస్టల్ ఖర్చు రెండు నెలలకు మించి భరించలేక, నగరానికి ఆ చివర ఉన్న సాంఘిక సంక్షేమ వసతి గృహానికి మారాను. అక్కడి నుంచి రెండు బస్సులు మారి వచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. ఆ పీరియడే గణితం. ఏడాది చివర గణితం తప్పాను. నాకు తెలివి లేదనే నమ్మాను. రెండో ఏడు నన్ను నిలబెట్టింది ఆ కళాశాల పేరు కాదు, మా వసతి గృహంలో సీనియర్లు నడిపిన అంబేడ్కర్ సంఘం గది. పాత నోట్సులు, ఒక ఇంగ్లీషు నిఘంటువు, రాత్రి పదింటికి లెక్కలు చెప్పే ఒక అన్న అక్కడ దొరికారు. నా దృష్టిలో నేను చదివిన కళాశాల ఆ గదే.

కాలం మారింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తృతంగా అమలులోకి వచ్చాక దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థులు ఇంజనీరింగ్ కళాశాలల్లోకి పెద్ద సంఖ్యలో అడుగుపెట్టారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ ఆ పథకం గడప దాటించడానికే పరిమితమవుతోంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు వర్తిస్తుంది. పది వేలు దాటిన ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఏటా 35,000 రూపాయలే ప్రభుత్వం చెల్లిస్తుంది. ఫీజు లక్షన్నర ఉన్న కళాశాలను ఆ విద్యార్థి ఎంచుకుంటే కుటుంబం ఏటా 1,15,000, నాలుగేళ్ళకు 4,60,000 రూపాయలు మోయాలి. వెబ్ ఆప్షన్ నొక్కే క్షణంలో ఈ లెక్క ఎవరూ చెప్పరు. కన్వీనర్ కోటాలో రాని సీటుకు, అంటే మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు ఈ పథకం వర్తించదన్న సంగతీ చేరాకే చాలామందికి తెలుస్తుంది.

చెల్లించవలసిన సొమ్మునూ ప్రభుత్వాలు సకాలంలో చెల్లించవు. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు 2025 నవంబరులో తరగతులు నిలిపివేసే దాకా వచ్చింది. ప్రభుత్వం, యాజమాన్యం మధ్య నడిచే ఆ తగాదాలో తాకట్టు వస్తువు విద్యార్థి సర్టిఫికెట్టే. మా మేనల్లుడు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరవలసిన వారంలో, రీయింబర్స్‌మెంట్ సొమ్ము రాలేదంటూ కళాశాల వాడి టీసీ, మెమోలు ఆపింది. ‘‘మామయ్యా, సర్కారు అప్పుకు నన్ను ఎందుకు పట్టుకున్నరు?’’ అని వాడడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అప్పు చేసి కట్టి విడిపించాం. ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నిబంధన జారీచేసింది. ఆ నిబంధన ఉన్నట్టు ఆ ఆఫీసు గదిలో ఎవరూ ఒప్పుకోలేదు.

దేశంలో అత్యున్నతమనుకునే చోట కూడా గడప ఎంత ఎత్తుగా ఉంటుందో 2024లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు చూపింది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన దళిత దినసరి కూలీ కొడుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు సాధించాడు. 17,500 రూపాయలు సమకూర్చేసరికి గడువు ముగిసింది, సీటు పోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 30న సర్వోన్నత న్యాయస్థానం 142వ అధికరణం కింద తన ప్రత్యేకాధికారాన్ని ఉపయోగించి సీటు ఇప్పించింది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. అయినా సీటును ఖాయం చేసుకునే తొలి మెట్టు దగ్గరే ఆ పిల్లవాడు ఆగిపోయాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగిన వాడి కథే మనకు తెలిసింది.

గడప దాటాక లోపల ఏముంటుందో అంబేడ్కర్ జీవితమే చెప్పింది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ వేతనం గడువు ముగియడంతో 1917లో లండన్ చదువును మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. అంత చదువుకుని బరోడా కొలువులో చేరితే తలదాచుకోవడానికి గది దొరకలేదు. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి చదువు పూర్తిచేశారు. ఆ అనుభవమున్న మనిషి కాబట్టే రాజకీయ పోరాటాల మధ్యలోనే 1946లో ముంబైలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాదులో మరో కళాశాల ప్రారంభమయ్యేలా చూశారు. ఉన్న కళాశాలల్లో సీటు అడగడంతో ఆయన ఆగలేదు. కళాశాల ఎలా ఉండాలో కూడా ఆలోచించారు. ఆయనకు గది దొరకని రోజుకు దాదాపు వందేళ్ళ తర్వాత, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెలల తరబడి ఫెలోషిప్ అందక, హాస్టల్ నుంచి వెలికి గురై, 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఆ విశ్వవిద్యాలయానికి ర్యాంకులు తక్కువేమీ లేవు.

అందుకే ఆ తండ్రికి నేను కళాశాల పేరు చెప్పలేదు, కొన్ని ప్రశ్నలు చెప్పాను. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము పోను చేతి నుంచి ఎంత పడుతుంది? హాస్టల్ ఎక్కడ, నెలకు ఎంత? మనవాడల నుంచి చేరిన పిల్లల్లో ఎంతమంది నాలుగేళ్ళలో పూర్తిచేశారు? రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే పరీక్షకు కూర్చోనిస్తారా, సర్టిఫికెట్లు ఇస్తారా? గ్రంథాలయం సాయంత్రం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది? పాఠాలు చెప్పేవారిలో మన పిల్లలు భయం లేకుండా మాట్లాడగలిగేవారు ఉన్నారా? అందరూ కంప్యూటర్ సైన్స్ అంటున్నారని బలహీనమైన కళాశాలలో ఆ బ్రాంచి తీసుకునే కన్నా, గట్టి ప్రభుత్వ కళాశాలలో సివిల్, ఎలక్ట్రికల్ మేలన్నది నా అభిప్రాయం. డిగ్రీ కోరుకునే ఆడపిల్లలకు సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలలు ఉన్నాయన్న సంగతి కూడా మరవకూడదు.

చేరబోయే విద్యార్థులతోనూ రెండు మాటలు. మొదటి ఆరు నెలలే కీలకం. ఇంగ్లీషు రాకపోవడం తెలివి లేకపోవడం కాదు. రోజుకు గంట కేటాయిస్తే ఏడాదిలో దారికి వస్తుంది. ఒక సబ్జెక్టు తప్పినా గదిలో దాక్కోవద్దు, సీనియర్లను వెతకండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు, ప్రతి సర్టిఫికెట్టుకూ జిరాక్సు దాచుకోండి. ఉన్నత విద్యాసంస్థల్లో సమాన అవకాశాల విభాగం, వివక్షపై ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెప్పాయి. మీ కళాశాలలో ఆ అధికారి ఎవరో మొదటి వారంలోనే అడగండి. పేరు చెప్పలేకపోతే అదే మీ మొదటి పాఠం, మొదటి పోరాటం కూడా.

ఇన్ని ప్రశ్నలు అడిగే బాధ్యతను పదిహేడేళ్ళ పిల్లల మీద వేయడం న్యాయమేనా? కాదు. 2025లో తెలుగు రాష్ట్రాలు రెండూ ఎస్సీ వర్గీకరణను అమలులోకి తెచ్చాయి. ఇంతకాలం వెనక నిలబడిన కులాలకు సీటు దాకా దారి పడింది. ఆ దారి కళాశాల గేటు దగ్గర ఆగిపోతే వర్గీకరణ సగమే ఫలిస్తుంది. చేరిన విద్యార్థులెందరో, పూర్తిచేసినవారెందరో, అధ్యాపకుల్లో ఎవరెందరో సామాజిక వర్గాలవారీగా ప్రతి కళాశాలా ఏటా ప్రకటించాలి. ఫీజు సొమ్ము విద్యా సంవత్సరంలోనే విడుదల కావాలి. సర్టిఫికెట్లు ఆపిన యాజమాన్యం అనుబంధ గుర్తింపు కోల్పోవాలి. ప్రైవేటు సంస్థల్లో రిజర్వేషన్లకు 15(5) అధికరణం దారి తెరిచింది, 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మేనేజ్‌మెంట్ కోటా మాత్రం ఇప్పటికీ డబ్బున్న కులాల రిజర్వేషన్‌గానే మిగిలింది.

ఆ తండ్రి ఒక రోజు కూలీ పోగొట్టుకుని, బిడ్డను వెంటబెట్టుకుని రెండు కళాశాలలు చూసి వచ్చాడు. ‘‘ఒక కాడ పెద్ద హాలు చూపిచ్చిన్రు అన్నా. ఇంకో కాడ హాస్టల్ల మన దిక్కు పిల్ల, రెండో సంవత్సరమట, గంటసేపు కూసోబెట్టుకుని అన్ని చెప్పింది. దాన్నే ముందు పెట్టినం’’ అన్నాడు. మంచి ఎంపికే. అయితే ప్రతి గేటు దగ్గరా అలాంటి అమ్మాయి ఉండదు. ఆమె చెప్పిన నాలుగు నిజాలను కళాశాలల చేత చెప్పించడం ప్రభుత్వాల పని. అలా చెప్పించేదాకా అడగడం మనందరి పని.