ఆటల పీరియడు

పసివాని బుగ్గలు పూరీలవలె పొంగియుండుట చూచి మురిసి, దిష్టి తగులునేమోయని చుక్క పెట్టి, వలదని తల త్రిప్పుచున్నను మరియొక ముద్ద నోట కుక్కుటయే ప్రేమయని నమ్మిన గృహములు మనకు కొల్లలు. ఆ నమ్మకము వెనుక కరవులను చవిచూచిన తరముల భయము దాగియున్నదని యెరిగినవాడు దానిని పరిహసింపడు. కాని కాలము మారినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేండ్లలోపు బిడ్డలలో అధిక బరువు గలవారు 2015–16లో నూటికి 2.1 కాగా, 2019–21 నాటికి 3.4 అయిరి. అదే 2019–21 సర్వేలో వయసుకు తగిన పొడవు ఎదుగని బిడ్డలు నూటికి 35.5 ఉండుట మన దేశపు వైపరీత్యము.

బిడ్డల లావునకు దోషమంతయు తిండిమీద మోపుట అన్యాయము. అయిదు మొదలు పదునేడేండ్లవరకు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒళ్లు అలయు ఆట వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మన బడులలో ఆటల పీరియడు టైంటేబులులో మాత్రము మిగిలి, పరీక్షలు సమీపింపగానే లెక్కల మాస్టారి పాలగుచున్నది. ఆటస్థలమే లేని అపార్టుమెంటులలో నడచు కార్పొరేటు విద్యాసంస్థలకు లక్షలు ధారవోసి, వేకువ మొదలు రాత్రి స్టడీ అవరువరకు బిడ్డను బల్లకు కట్టివేసి, ర్యాంకు వచ్చినదని పిజ్జాతో సన్మానించి, పిదప ‘వీడు కదలడు, లావెక్కినాడు’ అని వాపోవు తలిదండ్రులకు ఏమని బదులు చెప్పుదుము? పేరెంట్సు మీటింగులో మార్కులకై నిలదీయువారే గాని, ఆటల పీరియడు ఏమైనదని అడిగిన తండ్రిని నేనింతవరకు చూడలేదు.

కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన పదార్థములను బడి గేటుకు 50 మీటర్లలోపల అమ్మరాదని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన చేసినది, మంచిదే. అయితే 300 మిల్లీలీటర్ల కోలాలో ఏడెనిమిది చెంచాల చక్కెర యుండును. ఇంటి ఫ్రిజ్జులోనికి ఆ సీసాను తెచ్చినది బిడ్డ కాదు కదా!

మరి బిడ్డ లావెక్కినాడని తెలిసిన పిమ్మట మనము చేయుచున్నదేమి? బిడ్డ యొక్కనికే రాగిజావ పోసి, తక్కినవారందరు వాని యెదుటనే టీవీ ముందు మిరపకాయబజ్జీలు ఆరగించుట; పైగా చుట్టాల నడుమ ‘బొండాం’ అని ముద్దుపేరు! ఇంతకన్న క్రూరమైన శిక్ష వేరొకటి కలదా? పప్పు, ఆకుకూర, మజ్జిగ, కొంచెము తగ్గించిన అన్నము: ఇంటిల్లిపాదికిని ఇదొక్కటే వంట కావలెను. సాయంకాలము తండ్రియు ఫోను ఇంట విడిచి బిడ్డతో షటిలు ఆడవలెను. ఎదుగు వయసున బరువు నిలుకడగ నుండి పొడవు పెరిగినచో చాలవరకు అదియే సర్దుకొనును గనుక, కడుపు మాడ్చుటయు, ప్రకటనలు చూచి పొడులు త్రాగించుటయు మాని, సందేహమున్నవారు శిశువైద్యునికి చూపుట మేలు.