వారి మాట వినవలదా?

1921వ సంవత్సరమున మహాత్మాగాంధి కాకినాడకు వచ్చినపుడు దేవదాసీలును ఘోషాస్త్రీలును ఆయనను దర్శింపవలెనని దుర్గాబాయి యను బాలిక పట్టుపట్టినది. 5,000 రూపాయల నిధి కూర్చినగాని ఆ సభకు ఆయనను తోడ్కొనిరాజాలమని పెద్దలనగా, దేవదాసీలే ఆ సొమ్ము కూర్చిరనియు, సభలో స్త్రీలు ఒడలిమీది నగలు తీసి యిచ్చిరనియు ఆమె పిమ్మట స్వీయచరిత్రమున వ్రాసికొన్నారు. ఆ నగలను దేశము పుచ్చుకొన్నది. నాలుగేండ్లకు, 1925లో, వంగదేశమున బరిసాలు పట్టణపు వేశ్యలు సంఘముగా నేర్పడి కాంగ్రెసుసేవకు పూనుకొనగా, వృత్తి మానక అట్టి సంఘము కూడదని గాంధీగారే 'యంగ్ ఇండియా'లో తీవ్రముగా ఖండించిరి. ఆ మహనీయుని హృదయశుద్ధిని శంకించువారము కాము. ఆ స్త్రీల దైన్యమునకు ఆయనవలె వగచినవారు ఆనాడు అరుదు. అయినను వారి యీవి మనకు పనికివచ్చి, వారి సంఘము పనికిరాకపోవుట యెట్టి న్యాయమో నూరేండ్లు గడచినపిమ్మట నైనను ఆలోచింపవలసియున్నది.

బరిసాలులో అణగిన సంకల్పము కలకత్తాలో మరల తలయెత్తినది. 1992లో డాక్టరు స్మరజిత్ జానా సోనాగాఛీ పేటలో సుఖవ్యాధుల నివారణకై పనిచేయవచ్చి, వ్యాధులనుగూర్చి బోధించుటకు ఆ పేట స్త్రీలనే నియమించెను. కండోము లేనిదే రావలదని విటునితో చెప్పగల శక్తి ఒంటరిస్త్రీకి లేదు. పేటయంతయు ఏకవాక్యముగా చెప్పిననాడు గలదు. ఆ అనుభవమునుండి 1995లో 'దుర్బార్ మహిళా సమన్వయ సమితి' పుట్టినది. ఆ యేటనే, వడ్డీవ్యాపారుల వాతబడకుండుటకు 'ఉషా' యను సహకారసంఘమును స్థాపించుకొనబోగా, సత్ప్రవర్తన గలవారే సభ్యులు కాదగుదురను నిబంధన అడ్డువచ్చినది. గృహిణులమని వ్రాయించుకొన్నచో పని జరిగిపోవునని వారికి సలహా దొరకినది. వారొప్పలేదు. చేయుపనిని దాచక చెప్పియే నమోదు చేయించుకొందుమని పట్టుపట్టి గెలిచిరి. మహాసభల తీర్మానములు పెక్కు చదివితిమి గాని ఇంతటి పౌరుషము వానిలో మాకు కానరాలేదు.

తమ్ము 'యౌనకర్మి' యని పిలువుడని వారు కోరిరి. తెలుగున లైంగిక కార్మికులనుచున్నారు. పాపమునకు పని యని పేరు పెట్టుటా యని మా చదువరులలో కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. ఈ వృత్తి మంచిదని మేమనుట లేదు. అందున్న స్త్రీలలోను పెక్కురు అనరు. బిడ్డ ఆకలి, భర్త పోయిన యప్పులు, పనిదొరకని పట్టణము, వీనిలో ఏదో యొకటి త్రోయగా వచ్చినవారు వారు. వచ్చినవారిని మనుష్యులుగా ఎంచుదుమా, లేదా యనునదే ప్రశ్న.

ఇక చట్టమును చూతము. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టము, వయస్సు వచ్చిన స్త్రీ తన యిష్టమున ఈ పని చేయుటను నేరమని యెచ్చటను చెప్పదు. కాని ఆమె చుట్టునున్నదెల్ల నేరము చేసినది. వీథిలో నిలిచి పిలిచిన నేరము. గుడికో బడికో 200 మీటర్లలోపల చేసిన నేరము. ఇరువురు స్త్రీలు ఒకరికొకరు తోడుగా ఒక యింట నున్నచో అది వేశ్యాగృహమగును. ఆమె సంపాదనపై బ్రదుకుచున్నారని తెలిసినచో పదునెనిమిదేండ్లు దాటిన కొడుకును, ముసలితల్లియు సహితము శిక్షార్హులు. కన్నతల్లికి అన్నము పెట్టినందుకు ఆ తల్లినే జైలుకు పంపగల చట్టమిది! దాడిలో చిక్కిన స్త్రీని ఒకటి మొదలు మూడేండ్ల వరకు రక్షణగృహమున నుంచవచ్చును. పేరు రక్షణము, తాళము మాత్రము బయటివైపున.

మీ మంచిచెడ్డలు మీకన్న మాకు బాగుగ తెలియునని దొరలు మనతో చెప్పిననాడు మనము నవ్వితిమి, పిమ్మట జైళ్లకు పోతిమి. నేడు అదే మాటను మనము ఈ స్త్రీలతో చెప్పుచున్నాము.

బాలికలను కొనితెచ్చి అమ్ము తుచ్ఛుల మాటయేమని అడుగవచ్చును. అడుగవలసినదే. రాయలసీమ కరువు తాలూకాలనుండి పనియిప్పింతుమని నమ్మించి పడుచులను బొంబాయి, పూణా, ఢిల్లీలకు చేర్చి అమ్మివేసిన కథలు మనయింటివే. ఆ దళారికి ఏ శిక్షయు ఎక్కువ కాదు. కాని, సోనాగాఛీలో దుర్బారువారు స్వీయనియంత్రణ మండలులను పెట్టుకొని, పేటకు క్రొత్తగా వచ్చిన పిల్ల వయసెంత, ఇష్టపడి వచ్చినదా, తేబడినదా యని తామే విచారించి, తగనివారిని తప్పించుచున్నారు. తలుపులు విరుగగొట్టు పోలీసునకు తెలియనిది ప్రక్కగదిలోని స్త్రీకి తెలియును. ఆమె నోరు విప్పుటకు, తనకు సంకెలపడదను నమ్మకము కావలెను.

దేవదాసీలను వీరితో ఒకటిగా కట్టుట మా యభిమతము కాదు. అయినను మన చరిత్రలోని పాఠమొకటి యిచట పనికివచ్చును. ముత్తులక్ష్మీరెడ్డిగారు చెన్నపురి శాసనసభలో ఉద్యమము సాగించినపుడు, బెంగుళూరు నాగరత్నమ్మగారు మొదలగువారు తమ మాటయు వినుడని విన్నపములు పంపుకొనిరి. కళావంతుల కుటుంబములలో పుట్టి ఆ సంస్కారమును కోరిన యామినీపూర్ణతిలకము వంటివారును గలరు. 1947లో దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము వచ్చినది, రావలసినదే. కాని గుడి మాన్యమును, గజ్జెయు పోయిన స్త్రీ రేపు ఏమితినునని అడిగినవారు తక్కువ.

1999లో కలకత్తాలో ఒక స్త్రీ హత్యకు గురికాగా, ఆ కేసు 2011లో సుప్రీముకోర్టుకు వచ్చినది. హంతకుని శిక్ష ఖాయపరచి న్యాయమూర్తులు అంతటితో ఊరకుండక విచారణసంఘము నొకదానిని నియమించి, దుర్బారు, ఉషాలకును అందు స్థానమిచ్చిరి. 2022 మే 19న మన తెలుగువారగు లావు నాగేశ్వరరావుగారి ధర్మాసనము ఆ సంఘపు సిఫారసులలో కొన్నింటిని ఆజ్ఞలు గావించినది. పోలీసులు వీరిని మర్యాదతో చూడవలెను; బలాత్కారమునకు గురియైనచో అందరితోపాటు వైద్యసహాయ మందవలెను; కండోమును నేరమునకు సాక్ష్యముగా చూపరాదు; చిరునామా ఋజువు లేకున్నను ఎయిడ్సు నియంత్రణసంస్థ అధికారి ధ్రువపత్రముపై ఆధారుకార్డు ఈయవలెను. మరికొన్నింటికి కేంద్రప్రభుత్వము సంశయము తెలుపుటచే అవి ఆగిపోయినవి.

ఆ యాజ్ఞలలో పత్రికలకు సంబంధించినది కూడ నొకటి గలదు: దాడులలో చిక్కిన స్త్రీల ముఖములను, గురుతులను ప్రకటింపరాదు. మా వృత్తిబంధువులకు ఇది చేదుగా నుండును. ముఖమునకు కొంగు కప్పుకొన్న స్త్రీ బొమ్మవేసి, ఊరుపేరు వ్రాసి, ఇంటి యజమానినో విటునినో మాత్రము 'ప్రముఖుడు' అని దాటవేయు పత్రికలు మన తెలుగునాట లేకపోలేదు. మా పుటలలో అట్టి బొమ్మ పడదు.

రక్షణగృహములలో ఇష్టములేక నిర్బంధమున నున్న వయోజనస్త్రీలను లెక్కించి విడిపింపవలెనని ఆ ధర్మాసనము రాష్ట్రముల నాజ్ఞాపించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తాము లెక్కించినవారి సంఖ్యను, విడిచినవారి సంఖ్యను, ఆధారుకార్డు పొందినవారి సంఖ్యను పేర్లు లేకుండ ప్రకటింపవలెనని కోరుచున్నాము. ఆ లెక్క సరియైనదా, కాదా యని చూచుటకు కూర్చుండు సమావేశమున ఆ స్త్రీల ప్రతినిధులకును కుర్చీలు వేయింపవలెను.