జాగ మనదే, మరి మీది మొగులు?

మామునూరులో మళ్ళీ విమానాలు దిగుతాయనగానే మా ఇంట్లో ముందుగా సంబరపడింది మా అత్తయ్య. నిజాం హయాంలో 1930లో కట్టిన ఆ విమానాశ్రయం 1981 దాకా నడిచింది. "చప్పుడైతే చాలు, అందరం వాకిట్లకు ఉరికేటోళ్లం" అంటుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చాక ఆ మాట రోజూ వింటున్నాం.

మా గొడవ వేరు. ఖమ్మం రోడ్డు వైపు మాకో చిన్న జాగ ఉంది. కింద మేము, పైన పెద్దవాడు, ఆ పైన చిన్నవాడు అని లెక్క వేసుకున్నాం. "ఎంత ఎత్తు కట్టుకోవచ్చు?" అని అడిగితే ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు.

"జాగ మనదైతే మీది మొగులు గూడ మనదే గద బిడ్డా!" అంది అత్తయ్య. కాదట. విమానం ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఆ దారిలో ఏదీ అడ్డు ఉండకూడదు. పెద్ద విమానాల రన్‌వేలకు, దిగే దారిలో 50 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున ఎత్తు పెరుగుతుంది. అంటే అర కిలోమీటరు దూరంలో దాదాపు పది మీటర్లే. మూడంతస్తులు, పైన నీళ్ల ట్యాంకు వేస్తే అది దాటిపోతుంది. రన్‌వే పొడిగిస్తే ఆ గీత కూడా ముందుకు జరుగుతుంది.

విమానాశ్రయాల చుట్టూ ఎక్కడ ఎంత ఎత్తు కట్టవచ్చో రంగుల పటాలు వేస్తారు. అందులో ఎత్తు లెక్క సముద్రమట్టం నుంచి ఉంటుంది. మన గడప నుంచి ఎన్ని అడుగులో మామూలు మనిషికెలా తెలుస్తుంది?

నక్కలపల్లి, గుంటూరుపల్లి వాళ్ల భూములు సేకరణలోకి వచ్చాయి. వాళ్లకు పరిహారం గురించి కనీసం చర్చ జరిగింది. జాగ చేతిలోనే ఉండి, పైకి కట్టుకునే వీలు తగ్గేవాళ్ల ఊసే లేదు.

నేను విమానాశ్రయం వద్దనడం లేదు. పది కిలోమీటర్ల లోపు చెత్త, మాంసం వ్యర్థాలు బయట పారేస్తే పక్షులు చేరతాయని నిబంధన ఉంది. అదీ పాటిద్దాం. కోడి పేగులు మోరీలో పడేసే అలవాటు మానేద్దాం. కానీ ఆ పటాన్ని తెలుగులో, అడుగుల లెక్కలో, ప్రతి వార్డు ఆఫీసు గోడకూ అతికించండి. అప్పు చేసి పునాది తీశాక కాదు, ముగ్గు పోయకముందే చెప్పండి.

చిన్నవాడి గది ఎక్కడ వేయాలో అప్పుడు మేమే చూసుకుంటాం.